పరదా తీసిన చెయ్యి

“ఆయన్ని కారెక్కించే ముందు నాకో గంట టైమివ్వండి, ఇన్‌స్పెక్టరు గారూ,” అన్నాను.

“దేనికి మేడమ్?”

“ఆయన టీ ఇంకా అవలేదు. ఎనభై దాటిన మనిషిని సగం కప్పు మీద లేపి తీసుకెళ్లడం మా మార్ల్‌సీ ఊళ్లో మర్యాద కాదు.”

ఇన్‌స్పెక్టర్ రూపర్ట్ లాసెల్స్ నవ్వాడు. జిల్లా కేంద్రం నుంచి వచ్చాడు, నలభై కూడా నిండి ఉండవు. ముసలివాళ్ల ముందూ చంటిపిల్లల ముందూ ఒకేలా నవ్వేవాళ్లు కొందరుంటారు. ఇతనదే నవ్వు. ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ముప్ఫై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి సార్జెంటుగా రిటైరైనదాన్ని నేను. పేరు ఎనిడ్ గార్బట్. మా క్లిఫ్ రో వీధిలో అందరికంటే చిన్నదాన్ని, నాకు డెబ్భై మూడు. ఎవరింట్లో బల్బు మాడినా “ఆ పిల్లని పిలవండి” అంటారు. ఆ పిల్లని నేనే.

“సరే, గంట ఇచ్చాను,” అన్నాడు లాసెల్స్. “కానీ కేసు తేలిపోయింది మేడమ్. మీ స్నేహితుడు కాబట్టి మీకు కష్టంగా ఉంటుంది, అర్థం చేసుకోగలను.”

“అర్థం చేసుకోవడం తర్వాత, ముందు కూర్చోండి. కుర్చీ మీద పిల్లి వెంట్రుకలుంటాయి, చూసుకోండి.”

విల్ఫ్ థాక్రే తన వంటింటి బల్ల దగ్గర నిటారుగా కూర్చుని ఉన్నాడు. పోలీసులు తీసుకెళ్తారని తెలిసి పెళ్లికి వెళ్తున్నట్టు గడ్డం గీసుకుని టై కట్టుకున్నాడు. కప్పుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. అది చూసి నా గుండె తరుక్కుపోయింది.

జరిగింది ఇది. మొన్న బుధవారం విల్ఫ్ వాళ్లన్న నోరిస్ అంత్యక్రియలు జరిగాయి. ఆ మధ్యాహ్నం అందరం చర్చి హాల్లో టీ తాగుతుండగా విల్ఫ్ ఒక్కడే లేచి బయటికెళ్లాడు. ఎదురింటి ఆడ్రీ పెల్ తలుపు తట్టాడు. పలకకపోతే తన దగ్గరున్న తాళంచెవితో తీశాడు. ఆడ్రీ మెట్ల కింద తల పగిలి పడి ఉంది. ప్రాణం మాత్రం పోలేదు. ఇవాళ శుక్రవారం, ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. విల్ఫే తోసేశాడని లాసెల్స్ తేల్చేశాడు. విల్ఫ్‌ని ఒక్కసారి ఆ కారెక్కించారంటే సంగతి అంతే. ఈ వయసులో, ఈ చలిలో, లాకప్ గదిలో పడుకోబెడితే మనిషి మళ్లీ ఈ వంటింటికి రాడు.

“విల్ఫ్, ఉన్నదున్నట్టు చెప్పు. టీ వదిలేసి ఆడ్రీ ఇంటికి ఎందుకెళ్లావ్?”

“కడిగేద్దామని వెళ్లాను.”

లాసెల్స్ నా వంక చూశాడు, విన్నారా అన్నట్టు.

“దేనికి కడిగేద్దామని?”

“నీకు తెలీదా ఏంటి? నా పక్కనే నడిచావుగా!” విల్ఫ్ కప్పు ఠప్పున పెట్టాడు. “మా అన్న శవపేటిక వీధిలోంచి పోతుంటే ఆవిడ ఇంటి పరదాలు బార్లా తెరిచి ఉన్నాయి! వీధి వీధంతా మూసి ఉంది, ఆ ఒక్క కిటికీ తప్ప. చర్చికి కూడా రాలేదు. ఒళ్లు మండిపోయింది నాకు. నోరిస్ ఆవిడ గోడకి ఎన్నిసార్లు సున్నం కొట్టాడు! ఏం చూసుకుని ఈ పొగరు అని అడుగుదామని వెళ్లాను.”

“అడిగారా?” అన్నాడు లాసెల్స్ మెల్లగా.

“ఎవర్ని అడగనయ్యా? మెట్ల కింద పడున్న మనిషినా?”

“పడ్డాక కాదు. పడకముందు.”

విల్ఫ్ మొహం ఎర్రగా కందిపోయింది. “నేను ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకునేవాణ్ణి కాదు. మా అమ్మ నన్ను అలా పెంచలేదు.”

“ఆగండి ఇన్‌స్పెక్టరు గారూ. మీ లెక్క నాకు చెప్పండి. ఆడ్రీ ఎప్పుడు పడిందంటారు?”

“బుధవారం పొద్దున్నకీ మధ్యాహ్నానికీ మధ్య. పొద్దున్నే ఆవిడ లేచి పరదాలు తీశారు. మీ వీధిలో అందరూ చూశారు. ఒంటి మీద కూడా పగటి బట్టలే. అంటే అప్పటికి బాగానే ఉన్నారు. తర్వాత ఆ ఇంట్లోకి వెళ్లింది ఈయనొక్కడే. తాళంచెవి ఈయన దగ్గర, కోపం ఈయన దగ్గర. ఇంకేం కావాలి మేడమ్?”

చెప్పింది వింటే బాగానే ఉంది. కానీ ఆ పరదాల సంగతే నన్ను రెండు రోజులుగా తినేస్తోంది.

మా వీధిలో పరదాలకి రెండు పద్ధతులున్నాయి. మొదటిది రోజువారీది. పొద్దున్నే లేచి ముందుగది పరదాలు తీయాలి. ఎనిమిదయినా తీయకపోతే ఎదురింటివాళ్లు వచ్చి తలుపు తడతారు. లోపలివాళ్లు తలుపు తీయకపోతే తెరవడానికి తాళంచెవి ఎదురింటివాళ్ల దగ్గరే ఉంటుంది. పడిపోతే సాయం పిలవడానికి మెడలో వేసుకుని నొక్కే గంటలు అమ్మేవాళ్లు ఎంతమంది వచ్చినా మేం గుమ్మంలోంచే పంపేశాం. మేం ఒకరినొకరం చూసుకోగలం, మాకు ప్లాస్టిక్ బిళ్ల అక్కర్లేదు. రెండో పద్ధతి చావుది. వీధిలో ఎవరైనా పోతే, శవపేటిక సాగిపోయేదాకా ఏ ఇంటి ముందు పరదా తెరుచుకోదు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. మా అమ్మలు చేయగా చూసి నేర్చుకున్నాం. చెప్పించుకుంటే అది మర్యాద ఎలా అవుతుంది?

“విల్ఫ్, ఆడ్రీ ఇదివరకు ఎప్పుడైనా ఇలా చేసిందా?”

“ఆడ్రీనా?” విల్ఫ్ ఆలోచనలో పడ్డాడు. “లేదే. అసలు వాళ్లాయన పోయినప్పుడు శవం ముందు ఈల వేసుకుంటూ పోయాడని ఆ పోస్టుమాన్ని చెడామడా తిట్టింది కదా.”

“మరి నోరిస్‌కి అలా ఎందుకు చేస్తుంది?”

బుధవారం నుంచి మొదటిసారి విల్ఫ్ మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. అది భయం.

“లేవండి ఇన్‌స్పెక్టరు గారూ,” అన్నాను. “నా గంటలో ఇంకా చాలా ఉంది. ఎదురింటికి పోదాం.”

* * *

ఆడ్రీ ఇంటి ముందుగదిలో ముదురు ఎరుపు పరదాలు ఇంకా అలాగే రెండు పక్కలకీ లాగి ఉన్నాయి. నేను వాటిని ముట్టుకోలేదు. వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద పెద్ద గిన్నె. మూత తీస్తే అంత్యక్రియల టీ కోసం ఉడికించిన పంది తొడ మాంసం నీళ్లలోనే ఉంది. పైన కొవ్వు తెల్లగా గడ్డకట్టింది.

“ఇది చూశారా?”

“చూశాం. మాంసం.”

“మాంసమని నాకూ తెలుసు నాయనా. రాత్రి ఉడికించి, పొద్దున్నే కోసి, రొట్టెల్లో పెట్టి హాలుకి పట్టుకెళ్లాలి. శాండ్‌విచ్‌ల పని తనదేనని మంగళవారం రాత్రి అందరి ముందూ తనే చెప్పింది. పొద్దున్న లేచిన మనిషైతే ఒక్క ముక్కయినా కోయలేదెందుకు?”

“మరిచిపోయి ఉండొచ్చు.” ఎంతో దయగా అన్నాడు. “ఎనభై నాలుగేళ్లు మేడమ్. పరదాలు కూడా అందుకే తీసి ఉంటారు. మా నాయనమ్మ కూడా చివర్లో…”

“మీ నాయనమ్మ సంగతి నాకు తెలీదు. ఆడ్రీ పెల్‌కి ఈ ఊళ్లో ప్రతి కుక్క పుట్టినరోజూ గుర్తే. వయసైపోయింది, మరిచిపోయింది! మీకు అర్థంకానిదల్లా ఆ డబ్బాలో పడేస్తే సరిపోతుందనుకున్నారా? పైకి రండి.”

మెట్లెక్కేటప్పుడు నా మోకాలు కలుక్కుమంది. అతను చెయ్యి అందించబోయాడు. తీసుకోలేదు.

పడకగదిలో బీరువా తలుపుకి నల్లకోటు తగిలించి ఉంది, ఇస్త్రీ చేసి. కింద పాలిష్ చేసిన నల్లబూట్లు. కుర్చీ మీద టోపీ, దాని లోపల చేతితొడుగులు. నోరిస్ కోసం ఎంత శ్రద్ధగా పెట్టుకుందో చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇలా సిద్ధం చేసుకున్న మనిషిని పట్టుకుని పొగరు అన్నాం మేము.

“పొద్దున్నే సిద్ధమవుతున్నారన్నమాట,” అన్నాడు లాసెల్స్.

“సిద్ధమయ్యేది చావుకి వెళ్లడానికి. చావుకి వెళ్లే మనిషి పరదాలు తీస్తుందా? సరే, అది మీకు ముసలమ్మల చాదస్తంలా ఉంటుంది. మీకు పనికొచ్చే సాక్ష్యం చూపిస్తాను. ఆ మంచం ఎలా ఉంది?”

“నీట్‌గా ఉంది. లేచి సర్దుకున్నారు.”

“దుప్పటి ఎత్తి చూశారా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“మీవాళ్లు?”

“పడింది మెట్ల దగ్గర కదా మేడమ్…”

దుప్పటి అంచు పట్టుకుని పూర్తిగా వెనక్కి లాగాను. అడుగున, కాళ్లు పెట్టుకునే చోట, ఉన్ని తొడుగులో రబ్బరు వేణ్ణీళ్ల సంచి ఉంది. నిండుగా, బిరడా బిగించి. పట్టుకుంటే చల్లదనానికి చెయ్యి జివ్వుమంది.

“మీ ఇంట్లో గదులన్నీ వెచ్చగా ఉంటాయి కాబట్టి మీకు దీంతో పని పడి ఉండదు,” అన్నాను. “మేం పడుకోబోయే ముందు దీన్ని మంచంలో పెడతాం, పక్క వెచ్చబడుతుందని. పొద్దున్న లేవగానే మొదటి పని ఇదే. తీసి, ఖాళీ చేసి, తలుపు వెనక కొక్కేనికి తలకిందులుగా తగిలిస్తాం. అదిగో కొక్కెం, ఖాళీగా ఉంది. నిండు సంచి మీద పక్క సర్దే ఆడది క్లిఫ్ రోలో పుట్టలేదు.”

లాసెల్స్ సంచి వంకా, కొక్కెం వంకా చూశాడు. మొదటిసారి ఆ నవ్వు లేదు.

“అంటే ఆవిడ ఆ రాత్రి పడుకోలేదు.”

“పడుకోలేదు. పగటి బట్టలు ఇంకా విప్పలేదు. సంచి పైన పెట్టి కిందకొచ్చింది. ఎవరో తలుపు తట్టారు. మంగళవారం రాత్రే ఆమెని తోసేశారు ఇన్‌స్పెక్టరు గారూ. చచ్చిపోయిందనుకున్నారు. తెల్లవారకముందే పరదాలు తీసి వెళ్లిపోయారు.”

“పరదాలు తీయడం ఎందుకు?”

“తీయకపోతే ఎనిమిదింటికి విల్ఫ్ వచ్చి తలుపు తడతాడు. తీస్తే పొద్దుటికి బతికే ఉందనుకుంటాం. మీరు అనుకున్నారుగా!”

దెబ్బ తగిలింది. అయినా అతను పోలీసే, తేరుకున్నాడు. “అదే నిజమైతే మీ స్నేహితుడు మంగళవారం రాత్రి ఎక్కడున్నాడు?”

“తన ముందుగదిలో, అన్న శవపేటిక పక్కన. వీధిలో వాళ్లం అందరం అక్కడే, తెల్లారేదాకా. మా పద్ధతి అది. మాంసం పొయ్యి మీద పెట్టానని ఆడ్రీ ఒక్కతే ముందు లేచి వెళ్లింది. విల్ఫ్ ఆ గది దాటి కదల్లేదు. చర్చి పాస్టరు గారు కూడా ఉన్నారు, కావాలంటే అడగండి. అసలు విల్ఫే చేసి ఉంటే, సొంత అన్న శవం లేచే పొద్దున ఆ పరదాలు తీస్తాడా? ఈ వీధిలో ఎవరమూ తీయం. రోజువారీ పద్ధతి తెలిసి, చావు పద్ధతి తెలియని మనిషే తీశాడు.”

మిగతాది నాకు మింగుడుపడనిది. ఆ పొద్దున కిటికీ తెరిచి ఉండటం మేమందరం చూశాం. ఇంకే వీధిలోనైనా ఎవరో ఒకరు వెళ్లి ఏమైందమ్మా అని అడిగేవాళ్లు. మేం అడగలేదు. అలిగాం. తలలెత్తుకుని, ఆ గుమ్మం వైపు చూడకుండా నడిచి వెళ్లిపోయాం. ఆ తలుపు వెనకే ఆడ్రీ నేల మీద చలికి గడ్డకట్టుకుపోతోంది. మర్యాద మీద మాకున్న పట్టింపు ఆమె ప్రాణం తీసేదే. అప్పటినుంచి ఆసుపత్రిలో ఆమె పక్కన కుర్చీ ఖాళీగా వదల్లేదు, వంతులవారీగా కూర్చుంటున్నాం. ఇవాళ మేవిస్ ఆర్మిటేజ్ వంతు.

“రోజువారీ పద్ధతి తెలిసిన బయటివాళ్లు ఎవరున్నారు?” లాసెల్స్ గొంతు మారింది. ఇప్పుడు నాతో పోలీసు పోలీసుతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.

“దానికి ముందు మీరొకటి చెప్పండి. ఆడ్రీ పరదాలు తీసిందన్న మాట మీతో మొట్టమొదట అన్నదెవరు?”

“విల్ఫ్… కాదు.” ఆగాడు. “ఆయన్ని అడిగింది రాత్రి. అంతకుముందే విన్నాను. ఆవిడ మేనల్లుడు, జూలియన్. ఆవిడ పడిపోయారని నేనే లీడ్స్ నగరానికి ఫోన్ చేసి చెప్పాను.”

“ఏమన్నాడు?”

“‘అయ్యో, పొద్దున్న బాగానే ఉండి ఉంటుంది కదా, పరదాలు తీసే ఉన్నాయిగా’ అన్నాడు. తను ఆ పొద్దున ఏడింటినుంచీ ఆఫీసులోనే ఉన్నానని కూడా అన్నాడు. నేను అడక్కుండానే.”

“పరదాలు తీసి ఉన్నాయని లీడ్స్‌లో కూర్చున్నవాడికి ఎవరు చెప్పారు నాయనా?”

లాసెల్స్ మొహంలో రక్తం లేదు. మంచం పట్టె మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. జాలేసింది, నిజం చెప్పొద్దూ. నాకూ ఒకప్పుడు అంత వయసుండేది.

“మీవాళ్లెవరైనా ఫోన్ చేసి ఉండొచ్చేమో,” అన్నాడు, తనకే నమ్మకం లేకుండా.

“మా వీధి పరువు పోయే మాట పోలీసులు అడిగితే తప్ప మేం బయటివాళ్లకి చెప్పుకోం. మాలో మేం కూడా అనుకోలేదు ఆ రోజు. ఇంక వినండి. ఈ ఇల్లు అమ్మేయమని జూలియన్ రెండేళ్లుగా ఆడ్రీ ప్రాణం తీస్తున్నాడు. సముద్రం కనపడే చోటు కదా, పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు దొరికారట. ఆమెని వృద్ధాశ్రమంలో పెడతానన్నాడు. ఒంటరిగా పడిపోతే ఎవరు చూస్తారు అన్నాడు. అప్పుడు ఆడ్రీ ఏమందో తెలుసా? విల్ఫూ, నేనూ ఇద్దరం ఉన్నాం అక్కడ. ‘నేను ఒక్క పొద్దున పరదా తీయకపోతే చాలు, వీధి వీధంతా నా గుమ్మంలో ఉంటుంది’ అంది. ఎంత గర్వంగా చెప్పిందో! ఆ మాటే పట్టుకున్నాడు వాడు. చావు పద్ధతి సంగతి ఆడ్రీ చెప్పలేదు. అది మేం చెప్పం కదా.”

“మేడమ్.” లాసెల్స్ అప్పటికే మెట్ల వైపు నడుస్తున్నాడు. “జూలియన్ ఇప్పుడు లీడ్స్‌లో లేడు.”

“ఎక్కడున్నాడు?”

“ఆసుపత్రిలో. ఇవాళో రేపో ఆవిడ కళ్లు తెరవచ్చని డాక్టర్లన్నారు. పొద్దున నేనే ఫోన్ చేసి రమ్మన్నాను.”

* * *

వీధిలోకి వచ్చేసరికి విల్ఫ్ తన గుమ్మంలో కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. మా మొహాలు చూశాడు.

“టీ అయింది,” అన్నాడు. “నన్ను తీసుకెళ్తారా?”

“తీసుకెళ్తున్నాం సార్,” అన్నాడు లాసెల్స్. కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. “ముందు సీట్లో కూర్చోండి. ఆసుపత్రికి. నేను మీకు క్షమాపణ చెప్పుకోవాలి, కానీ దార్లో చెప్తాను.”

విల్ఫ్ టై సరిచేసుకుని ఎక్కాడు. లాసెల్స్ కారు నడుపుతూనే వైర్లెస్‌లో దగ్గర్లో ఉన్న కానిస్టేబుల్‌ని ఆసుపత్రికి పరుగెత్తమన్నాడు. నేను వెనక సీట్లోంచి వార్డుకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాను. నర్సు వెళ్లి ఫోన్ మేవిస్ చేతికిచ్చింది. మేవిస్‌కి ఎనభై ఎనిమిది. ఎడమ చెవి వినపడదు, కుడి చెవి మాత్రం పిన్ను పడినా పట్టేస్తుంది. ఆ సంగతి బయటివాళ్లకి తెలీదు.

“మేవిస్, నేను ఎనిడ్‌ని. జూలియన్ అక్కడున్నాడా?”

“ఇప్పటిదాకా ఉన్నాడు తల్లీ. పెద్ద పూలగుత్తి పట్టుకొచ్చాడు. అలిసిపోయుంటారు, ఇంటికెళ్లండి, అత్తయ్యని నేను చూసుకుంటాను అని ఒకటే పాట. నేను చెవిటిదాన్నైపోయి అల్లిక అల్లుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు నన్ను లేపి పంపించమని ఆ పెద్ద నర్సు దగ్గర గొడవ పెడుతున్నాడు.”

“మేవిస్, నువ్వు ఆ కుర్చీలోంచి లేవకూడదు. ఎవరేం చెప్పినా సరే.”

“నాకు తెలీదా ఏంటి?” ఆమె గొంతు తగ్గించింది. “ఎనిడ్, ఆడ్రీ చెయ్యి నా చేతిలోనే ఉంది. కళ్లు మూసుకునే ఉంది, కానీ నిద్రలో లేదు. వాడు మాట్లాడినప్పుడల్లా నా వేలు విరిగిపోయేలా నొక్కుతోంది.”

ముందు సీట్లో విల్ఫ్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. లాసెల్స్ కారు ఇంకా వేగంగా పోనిచ్చాడు.

“మేమొచ్చేస్తున్నాం. వాడు మళ్లీ వస్తే ఏం చేస్తావ్?”

“వస్తున్నాడు, అడుగుల చప్పుడు వినిపిస్తోంది,” అంది మేవిస్ ప్రశాంతంగా. “ఇందాక ఒకసారి ఈ మంచం చుట్టూ ఉన్న పరదా లాగబోయాడు. ఆ కొస నా గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. మావాళ్ల ఇళ్లల్లో పొద్దున పూట పరదాలు తెరిచే ఉంటాయి బాబూ అని చెప్పాను. ఒకసారి ఆ గుమ్మం దాటి వెళ్లిపోయాం ఎనిడ్. ఇంకోసారి వెళ్లం.”

ఆ తర్వాత ఫోన్లో వినిపించింది మేవిస్ గొంతు కాదు.

“ఇంకా ఇక్కడే ఉన్నారా మీరు?” అన్నాడు జూలియన్. వెనకే ఇనప కడ్డీ మీద పరదా ఉంగరాలు గలగలమన్నాయి, ఒక్క జానెడు జరిగి ఆగిపోయాయి. ఆ కొస మేవిస్ వదల్లేదు.